వేరు కుంపటి మీద మొదటి వంట

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఐదుగురు కుర్రాళ్ళ బ్రిటిష్ పాప్ బృందం టేక్ దట్‌లో పాటలు రాసినవాడు, ఎక్కువ పాటలు పాడినవాడు గ్యారీ బార్లో కదా, బృందం విడిపోయాక అతను బోల్తా పడి, అల్లరివాడని పేరుపడ్డ రాబీ విలియమ్స్ ఎలా గెలిచాడన్నది మొదటిది. అంత దెబ్బ తిన్న బార్లో 2013లో మళ్ళీ సోలో ఆల్బం తెస్తే జనం ఎందుకు కొన్నారన్నది రెండోది. చివర్లో, ఏదో మాటవరసకు అన్నట్టు, "నేనూ మా కాలేజీ బ్యాండ్ నుంచి బయటికి వచ్చాను, ఆరు పాటలు సిద్ధంగా ఉన్నాయి" అని రాశారు. అసలు ప్రశ్న అదేనని నా అనుమానం. అయినా వరసలోనే వస్తాను, ఎందుకంటే మూడోదానికి జవాబు మొదటి రెండింట్లోనే ఉంది.

ముందుగా నా సంగతి. నేను సంగీతం చేసినవాణ్ని కాను, అమ్మినవాణ్ని. 1995లో చదువు కోసం మాంచెస్టర్ వెళ్ళి, ఖర్చులకని ఒక రికార్డుల దుకాణంలో శని, ఆదివారాలు పనికి కుదిరాను. చదువు పూర్తయింది కానీ దుకాణం వదల్లేదు. కౌంటర్ దగ్గర మొదలుపెట్టి, ఏ సరుకు ఎంత తెప్పించాలో నిర్ణయించే కుర్చీ దాకా వెళ్ళాను. 2003 తర్వాత పదకొండేళ్ళు సీడీల పంపిణీ సంస్థలో చేశాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. టేక్ దట్ మాంచెస్టర్‌లో పుట్టిన బృందం, కాబట్టి ఈ కథ నాకు వీధి చివరి కథ. స్టూడియో లోపల ఏం జరిగిందో నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఉంటారు. ఎవరు వచ్చి కొన్నారో, ఎవరు రాకుండా పోయారో మాత్రం నేను కళ్ళారా చూశాను.

కౌంటర్ వెనక నిలబడి నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే, బృందం నుంచి బయటికి వచ్చిన గాయకుడి మొదటి వారం అమ్మకం అతనిది కాదు. అది పాత బృందం ఖాతాలోని బాకీ. అభిమానులు ఆ బాకీ ఒకసారి తీర్చేస్తారు, రెండోసారీ తీర్చవచ్చు. అతని సొంత శ్రోత వచ్చేది ఆ తర్వాత. ఒక్కోసారి మూడో పాటకు వస్తుంది, ఒక్కోసారి నాలుగో పాటకు, ఒక్కోసారి అసలు రాదు.

ఈ మాట ఎలా అనగలుగుతున్నానో తెలియాలంటే అప్పటి అమ్మకాల పద్ధతి కొంచెం తెలియాలి. బ్రిటన్‌లో ఆ రోజుల్లో కొత్త రికార్డులు సోమవారం వచ్చేవి. ఆదివారం సాయంత్రం బీబీసీ రేడియోలో, ఆ వారం ఏవి ఎక్కువ అమ్ముడయ్యాయో చెప్పే పట్టిక చదివేవారు. ఆ మధ్య రోజుల్లో దుకాణాల స్కానర్ కింద ఎన్ని బార్‌కోడ్లు పోతే అంత లెక్క. కంపెనీలు ఒకే సింగిల్‌ను, అంటే ఆల్బంతో పని లేకుండా విడిగా అమ్మే పాటను, రెండు సీడీలుగా వేసేవి. అసలు పాట రెండింట్లోనూ ఒకటే, వెనక ఉండే అదనపు పాటలు, అట్ట మీద ఫోటో మాత్రం వేరు. మొదటి వారం ధర 1.99 పౌండ్లు, రెండో వారం నుంచి 3.99. అంటే ఏర్పాటంతా సోమవారం సాయంత్రం బడి వదలగానే పరుగెత్తుకొచ్చే పిల్లల కోసమే. వాళ్ళు రెండు సీడీలూ కొంటారు. పాట బయటికి వచ్చి కొన్ని గంటలే అయింది కాబట్టి అది బాగుందా లేదా అన్న చర్చ అక్కడ ఉండదు. పేరు చూసి కొంటారు.

ఇక 1996 ఫిబ్రవరి 13, మంగళవారం. ఆ రోజు టేక్ దట్ విడిపోతున్నట్టు ప్రకటించింది. రాబీ అంతకు ముందు సంవత్సరం జులైలోనే వెళ్ళిపోయాడు. విచిత్రం ఏమిటంటే ఆ మంగళవారం అతని 22వ పుట్టినరోజు. దుఃఖం ఆపుకోలేని ఆడపిల్లల కోసం ఫోను సహాయ కేంద్రాలు పెట్టారంటే మనవాళ్ళు నవ్వుతారు గానీ, మా దుకాణం ముందు మెట్ల మీద బడి దుస్తుల్లో కూర్చుని ఏడ్చిన పిల్లలను నేను చూశాను. మన దగ్గర హీరో సినిమా మొదటి రోజు టిక్కెట్టు దొరకని కుర్రవాడి మొహం గుర్తు చేసుకోండి, దానికి పదింతలు.

ఆ రోజు ఎవరిని అడిగినా ఒకే మాట: ఇక బార్లో జార్జ్ మైఖేల్ అంతటివాడు అవుతాడు. ఆ పోలికకు కారణం ఉంది. వామ్ బృందం 1986లో విడిపోతే, అందులో పాటలు రాసిన జార్జ్ మైఖేల్ 1987లో ఫెయిత్ అనే ఆల్బంతో ప్రపంచం మొత్తాన్ని గెలిచాడు. బార్లో కూడా పాటలు రాసేవాడే. ప్రే, బ్యాక్ ఫర్ గుడ్ అతను రాసినవే. బ్యాక్ ఫర్ గుడ్ అమెరికాలో సైతం మొదటి పది పాటల్లోకి వెళ్ళింది. రాబీ పేరు ఎత్తితే మాత్రం తాగుడు, పార్టీలు, లావెక్కిన మొహం, అంతే.

బార్లో మొదటి సింగిల్ 1996 జులైలో వచ్చి నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. రెండోది మరుసటి సంవత్సరం మే నెలలో వచ్చింది, అదీ మొదటి స్థానమే. ఓపెన్ రోడ్ అనే ఆల్బం కూడా మొదటి స్థానమే. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలి?

కౌంటర్ దగ్గర కథ వేరుగా ఉంది. మొదటి సింగిల్‌కు వచ్చిన పిల్లల్లో చాలామందిని నేను పేరుతో పిలవగలను, టేక్ దట్ చివరి సింగిల్‌కు వచ్చినవాళ్ళే. రెండోదానికీ వాళ్ళే, కాస్త పలచబడ్డారు. కొత్త ముఖం లేదు. సోమ, మంగళవారాల్లో జాతర, శుక్రవారానికి ఆ పెట్టె వైపు ఎవరూ చూడరు. పైగా మొదటి పాటకూ ఆల్బంకూ మధ్య పది నెలలు గడిచాయి. అమెరికా మార్కెట్టు కోసం మార్పులు చేర్పులు జరుగుతున్నాయని కంపెనీ ప్రతినిధులు చెప్పేవారు. పద్నాలుగేళ్ళ పిల్లకు పది నెలలంటే ఒక యుగం. గోడ మీద పోస్టరు మారిపోతుంది.

నాకు అప్పుడే వింతగా తోచిన విషయం ఇంకొకటి. ఇతను పాటలు రాయడంలో దిట్ట అని కదా లోకమంతా నమ్మింది. అతని రెండో సింగిల్ రాసింది మడోన్నా, ఆమె సహరచయిత షెప్ పెటిబోన్. మూడోది అమెరికాలో అప్పటికే ఒక కంట్రీ గాయకుడు పాడిన పాట. వంటవాడు బాగా వండుతాడని పిలిచి, హోటల్ నుంచి తెప్పించి వడ్డించినట్టు అయింది. తప్పంతా బార్లోదే అనను. సొంతంగా నడవబోయే గాయకుడికి చుట్టూ సలహాదారులు ఎక్కువైతే జరిగేది ఇదే. ఎవరికీ అభ్యంతరం లేని పాట ఎంపికవుతుంది. ఎవరికీ అభ్యంతరం లేని పాటను ఎవరూ అర్ధరాత్రి లేచి వినరు.

రాబీ లెక్క చూడండి. 1996లో మొదటి సింగిల్, అది జార్జ్ మైఖేల్ పాటే మళ్ళీ పాడినది, రెండో స్థానం. 1997లో తర్వాతది, అదీ రెండో స్థానం. ఆ తర్వాతది ఎనిమిది, ఆ పైది పద్నాలుగు. బావిలోకి జారే చేద. సెప్టెంబరు చివర్లో ఆల్బం వచ్చి పదకొండో స్థానంలో దిగి, అక్కడి నుంచి కిందికి పోయింది. అతని పని అయిపోయిందని మా దుకాణంలో అందరం అనుకున్నాం. నేనైతే అతని ఆల్బంను ముందు వరస నుంచి తీసి, అక్షరక్రమంలో వెనక అరల్లోకి సర్దేశాను.

డిసెంబరులో ఆ ఆల్బం నుంచి నాలుగో సింగిల్‌గా ఏంజెల్స్ వచ్చింది. మొదటి స్థానానికి ఎప్పుడూ చేరలేదు, బ్రిటన్‌లో దాని గరిష్ఠం నాలుగు. కానీ అది దిగిపోవడం మరిచిపోయింది. జనవరిలో ఒక వాన మధ్యాహ్నం, నర్సు దుస్తుల మీద కోటు వేసుకున్న ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఆస్పత్రి రేడియోలో ఒక పాట వస్తోంది, పేరు తెలియదు, దేవదూతల గురించి అని చెప్పి, మొహమాటపడుతూనే పల్లవి కూనిరాగం తీసింది. నేను సీడీ తీసి చేతికిచ్చాను. అట్ట మీద బొమ్మ చూసి, "ఈ అబ్బాయా? తాగి గోల చేసేవాడు కదా?" అని ఒక్క క్షణం ఆగింది. తర్వాత డబ్బులు తీసింది. అప్పటికి ధర 3.99. మరుసటి వారం వాళ్ళ అక్కకు ఇంకొకటి కావాలని మళ్ళీ వచ్చింది.

ఆవిడకు టేక్ దట్‌తో సంబంధం లేదు. పేరు చూసి కొనలేదు, పేరు ఉన్నా కొనింది. నేను సొంత శ్రోత అన్నది ఆవిడ లాంటివాళ్ళనే. ఆ చలికాలమంతా అలాంటివాళ్ళు వస్తూనే ఉన్నారు. వెనక అరల్లోకి సర్దిన ఆల్బంను మళ్ళీ ముందుకు తేవలసి వచ్చింది. విడుదలైన దాదాపు ఏడు నెలలకు, 1998 ఏప్రిల్‌లో, అది పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2003 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో జరిగిన కచేరీల్లో, మూడు రాత్రుల్లో 3,75,000 మంది అతని ముందు నిలబడ్డారు. నాలుగో పాట దాకా ఆగకుండా కంపెనీ తలుపు మూసి ఉంటే వాళ్ళలో ఎవరూ వచ్చేవారు కాదు.

ఇక ఎందుకు అన్నదానికి వద్దాం. ఇంగ్లీషు పాప్ పాటలో మనకు భిన్నంగా చరణం ముందు, పల్లవి తర్వాత వస్తాయి. చరణం ఒకడు మెల్లగా ఎత్తుకుంటాడు, పల్లవి దగ్గర అందరూ కలుస్తారు. ఆ కలిసే చోటే ఒళ్ళు పులకరిస్తుంది. బృందానికి రాసే పాటంతా ఆ మలుపు కోసమే కడతారు. పైగా టేక్ దట్ ఆల్బంలో బార్లో గొంతు విసుగు పుట్టకముందే మార్క్ ఓవెన్ ఒక పాట పాడేవాడు, రాబీ ఒకటి పాడేవాడు. సోలోగా వచ్చినప్పుడు అవన్నీ పోతాయి. స్టూడియోలో గాయకుడి చేత అదే పల్లవిని నాలుగైదు సార్లు పాడించి పొరలుగా పేరుస్తారు. కానీ ఐదు గొంతులు కలవడం వేరు, ఒక గొంతు ఐదు పొరలవడం వేరు. మొదటిది పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు ఉన్న విస్తరి. రెండోది ఐదు గరిటెల పప్పు. బార్లో గొంతు శుభ్రమైనది, శ్రుతి తప్పదు. అదే చిక్కు. ఓపెన్ రోడ్ వింటుంటే పక్కన నలుగురు ఉండాల్సిన ఖాళీలు వినిపిస్తాయి. నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

రాబీ గొంతు అంత శిక్షణ పొందినది కాదు. అతను పాడుతున్నట్టు ఉండదు, పక్క కుర్చీలో కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. మధ్యలో తనను తానే వెక్కిరించుకుంటాడు. గై ఛాంబర్స్ అనే సహరచయిత దొరకడం అతని అదృష్టం. ఎవరికీ వినిపించని రాబీని బాణీలో కూర్చోబెట్టినవాడు ఆయన. ఆ పాటలు ఐదుగురు కలిసి పాడలేరు. ఐదుగురు చక్కని కుర్రాళ్ళు వరసగా నిలబడి తాగుడు గురించి, భయం గురించి, ఓటమి గురించి పాడితే బృందం కొంప మునుగుతుంది. వేరు కుంపటి పెట్టాక మొదట వండాల్సింది ఉమ్మడి వంటింట్లో అత్తగారు వండనివ్వని కూరే అని నాకు అప్పుడు తెలిసింది.

ఇది ఒక్క బృందం కథే అయితే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాను. స్పైస్ గర్ల్స్ అనే అమ్మాయిల బృందం నుంచి మెలనీ సి 1999లో నార్తర్న్ స్టార్ అనే ఆల్బం తెచ్చింది. మొదటి సింగిల్ రాక్ కేకలతో ఉంటే పాత అభిమానులు బెదిరిపోయారు. మూడో సింగిల్, నాలుగో సింగిల్ 2000లో మొదటి స్థానానికి వెళ్ళాయి, వాటితో ఆల్బం మళ్ళీ లేచింది. తర్వాత కంపెనీతో తెగిపోయినప్పుడు ఆమె రెడ్ గర్ల్ అని సొంత లేబుల్ పెట్టుకుని ఆల్బంలు తెస్తూనే ఉంది. చప్పుడు తక్కువ, నడక ఎక్కువ. మార్క్ ఓవెన్ మొదటి రెండు పాటలూ మూడో స్థానానికి వెళ్ళాయి. ఆల్బం ముప్పై మూడు. బాకీ ఎంత త్వరగా తీరిపోతుందో చూడండి.

1999 శరదృతువులో బార్లో రెండో ఆల్బం వచ్చింది. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయినసారి మొదటి స్థానం కదా అని రెండు పెట్టెలు తెప్పించాను. పట్టికలో దాని స్థానం ముప్పై ఐదు. ఒక పెట్టె టేపు కూడా విప్పలేదు. క్రిస్మస్ తర్వాత సగం ధరకు పెట్టాం, తర్వాత పావు ధరకు. యజమాని నన్ను ఏమీ అనలేదు, ఆ పెట్టెను మాత్రం నా కుర్చీ పక్కనే పెట్టించి వెళ్ళాడు. కంపెనీ బార్లోను వదిలేసింది. ఇంతలో రాబీ దొరికిన ప్రతి వేదిక మీదా అతన్ని ఎగతాళి చేస్తున్నాడు. బార్లో ఇంట్లో కూర్చుని ఇతరులకు పాటలు రాసిపెట్టాడు. ఒకప్పుడు వేల మంది ముందు పాడినవాడు మరొకరి గొంతుకు తగ్గట్టు వరస కట్టడం అవమానంలా కనిపిస్తుంది. నా దృష్టిలో అతను నిజంగా పని నేర్చుకున్నది ఆ సంవత్సరాల్లోనే.

2005 నవంబరులో ఒక టీవీ డాక్యుమెంటరీ జనానికి పాత బృందాన్ని గుర్తు చేసింది. మరుసటి సంవత్సరం నలుగురూ తిరిగి కలిశారు. రాబీ రాలేదు, అతను 2010లో చేరాడు. ఈ రెండో ఇన్నింగ్స్‌లో బార్లో చేసిన పెద్ద పని వేదిక మీద కనిపించదు, సీడీ అట్ట వెనక చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. 2006 ఆల్బంలోని పాటలకు రచయితలుగా నలుగురి పేర్లూ వేశారు. రాబడి నలుగురికీ. షైన్ అనే పాటలో ప్రధాన గొంతు మార్క్ ఓవెన్‌కు ఇచ్చారు, అది మొదటి స్థానానికి వెళ్ళింది. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబంలో తాళంచెవులన్నీ మొలలో దోపుకున్న పెద్దకొడుకు వాటిని తీసి బల్ల మీద పెట్టాడన్నమాట.

అలా 2013 వచ్చింది. నవంబరు చివర్లో సిన్స్ ఐ సా యు లాస్ట్. కొత్త పాటలతో పద్నాలుగేళ్ళకు వచ్చిన సోలో ఆల్బం. తొలి వారమే రెండో స్థానం, ముందు విడుదలైన సింగిల్ కూడా రెండో స్థానం. మొదటి వారం అమ్మకాన్ని నమ్మవద్దని చెప్పిన నోటితోనే, ఈసారి మొదటి వారాన్ని నేను నమ్మాను. కారణం ఆర్డర్ల కాగితాల్లో ఉంది. అప్పటికి నేను పంపిణీలో ఉన్నాను. రికార్డుల దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. మా దగ్గర ఆ ఆల్బంకు పెద్ద ఆర్డర్లు సూపర్‌మార్కెట్ల నుంచి వచ్చాయి. పాలు, రొట్టె, పిల్లల సాక్సులతో పాటు బండిలో వేసుకునే సీడీ. 1996లో మెట్ల మీద ఏడ్చిన పిల్ల ఇప్పుడు ముప్పై దాటిన తల్లి. ఆమె పక్కన ఆమె తల్లి కూడా ఉంది. ఆ పెద్దావిడకు బార్లో అంటే టేక్ దట్ కాదు, 2011 నుంచి ఎక్స్ ఫ్యాక్టర్ అనే టీవీ పాటల పోటీలో న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, 2012 జూన్‌లో రాణి వజ్రోత్సవ కచేరీ ఏర్పాట్లు చూసినవాడు. ఈ శ్రోతలు బాకీ తీర్చడానికి రాలేదు.

పాటలు కూడా మారాయి. అతను తన వయసుకు వచ్చాడు. ముందు వచ్చిన సింగిల్ లెట్ మి గో చప్పట్ల తాళంతో, జానపదుల నడకతో సాగుతుంది, మాటలు మాత్రం వీడ్కోలు గురించి. ఆ మధ్యకాలంలో అతను 2009లో తండ్రిని, 2012లో ప్రసవ సమయంలోనే కూతుర్ని కోల్పోయాడు. నలుగురు పక్కన నిలబడి వంత పాడే పాట కాదది. ఆల్బంలో ఎల్టన్ జాన్‌తో కలిసి పాడినది కూడా ఉంది. అది నాకు అంతగా రుచించలేదు, ఇద్దరు మర్యాదస్తులు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటున్నట్టు ఉంటుంది. మొత్తం మీద మాత్రం ఖాళీ కుర్చీలు వినిపించని ఆల్బం.

ఆ వారం అతన్ని రెండో స్థానంలో నిలబెట్టింది ఎవరో తెలుసా? వన్ డైరెక్షన్. అతను కూర్చున్న అదే టీవీ పోటీ నుంచి, అతను రాకముందు సంవత్సరం పుట్టిన ఐదుగురు కుర్రాళ్ళు. వాళ్ళూ తర్వాత తలో కుంపటీ పెట్టారు. జైన్ 2015 మార్చి 25న బయటికి వచ్చి, సరిగ్గా ఏడాదికి, 2016 మార్చి 25న ఆల్బం తెచ్చాడు.

ఇక మీ ఆరు పాటలు. మన దగ్గర లెక్క కొంచెం వేరు. తెలుగులో పాట చాలాకాలం సినిమాదే. గాయకుడు మైకు ముందుకు వచ్చి, పాడి, వెళ్ళిపోతాడు. పాట హీరో పేరుతో, సంగీత దర్శకుడి పేరుతో తిరుగుతుంది. ఘంటసాల ప్రైవేటు రికార్డులు ఇంటింటా మోగిన మాట నిజమే, కానీ అది ఘంటసాల. 2002లో ఛానల్ వి పోటీతో పుట్టిన వీవా అనే అమ్మాయిల బృందం విడిపోయాక అందులోని నేహా భసీన్ ప్లేబ్యాక్ వైపు వెళ్ళింది. వన్ నేనొక్కడినేలో, జై లవకుశలో మనం విన్నది ఆ గొంతే. అంటే ఇక్కడ బృందం వదిలినవాళ్ళకు సహజమైన దారి సినిమా స్టూడియో వైపే ఉండేది. ఇప్పుడు యూట్యూబ్, స్ట్రీమింగ్ వచ్చాక మీలాంటివారికి రెండో దారి తెరుచుకుంది. ఆ దారిలో కంపెనీ ఒత్తిడి లేదు, నాలుగో పాట దాకా ఓపిక పట్టేవాళ్ళూ లేరు. ఆ ఓపిక మీరే పట్టాలి.

ముందు కాగితాల పని. పెద్ద బృందాల ఒప్పందాల్లో, వెళ్ళిపోయిన సభ్యుడి సొంత రికార్డుల మీద కూడా అదే కంపెనీకి హక్కు ఉండేలా ఒక నిబంధన ఉంటుంది. రాబీ కొత్త కంపెనీతో పని మొదలుపెట్టే ముందు పాత ముళ్ళు విప్పుకోవలసి వచ్చింది, పాత మేనేజరు కమిషను కోసం కోర్టుకు వెళితే రాబీయే ఓడిపోయాడు కూడా. మీ బ్యాండ్‌కు కంపెనీ లేకపోవచ్చు, కానీ ఆ ఆరు పాటల్లో ఏ ఒక్కదాని బాణీ అయినా రిహార్సల్ గదిలో నలుగురూ కూర్చున్నప్పుడు పుట్టిందేమో నిజాయితీగా గుర్తు చేసుకోండి. పుట్టి ఉంటే ఎవరి వాటా ఎంతో రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. సాహిత్యం హక్కు, బాణీ హక్కు, రికార్డింగు హక్కు మన చట్టంలో వేరువేరు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత రచయితకు, స్వరకర్తకు రాయల్టీ విషయంలో బలం పెరిగింది. రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. స్నేహం చెడేది పాట ఆడనప్పుడు కాదు, ఆడినప్పుడు.

తర్వాత, ఆరు పాటలూ మీ పాత బ్యాండ్ మిత్రుల్లో ఒకరికి వినిపించండి. మిమ్మల్ని మెచ్చుకునేవాడికి కాదు, మీతో గొడవపడేవాడికి. "బ్యాండ్‌లో ఉంటే వీటిలో దేన్ని వద్దనేవాడివి?" అని అడగండి. అతను చూపించిన పాట మీ ఆల్బంకు గుండెకాయ. అతను "ఇది మనమే చేసి ఉండాల్సింది" అన్న పాటను ముందు వదలండి, దానికి మీ పాత అభిమానులు వస్తారు, వాళ్ళ మర్యాద వాళ్ళకు దక్కాలి. కానీ గుండెకాయను మూడో పాటగానో నాలుగో పాటగానో దాచండి, చేతిలోని డబ్బంతా మొదటి వీడియోకే తగలేయకండి. అంకెలు చూడాలనిపిస్తే మొదటి వారం కాక ఐదో వారంలో చూడండి. కింద వ్యాఖ్యల్లో మీ బ్యాండ్ పేరు ఎత్తనివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. నర్సు దుస్తుల్లో వచ్చిన ఆవిడ అక్కడే ఉంటుంది.

ఆ విప్పని పెట్టె సంగతి చెప్పలేదు. దుకాణం మానేసిన రోజు యజమాని అందులోంచి ఒక సీడీ తీసి నాకు కానుకగా ఇచ్చాడు, నవ్వుతూ. అది నాతో తెనాలి వచ్చింది. అందులో ఫర్ ఆల్ దట్ యు వాంట్ అని ఒక పాట ఉంది. సింగిల్‌గా వచ్చినప్పుడు ఇరవై నాలుగో స్థానం. పోయిన వానాకాలం కరెంటు లేని సాయంత్రం, బ్యాటరీ ప్లేయర్ మీద పెట్టి విన్నాను. మంచి పాటే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఎవరు పాడారని అడిగింది.